కత్తి కొనే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: స్నేహితులం కలిసి అప్పుడప్పుడు గండికోటలో టెంట్ వేసుకుంటాం. కట్టె చీల్చడానికి, తాడు కోయడానికి, ఉల్లిగడ్డలు తరగడానికి అన్నిటికీ పనికొచ్చే కత్తి ఒకటి కావాలి. రెండున్నర వేల దాకా పెట్టగలను. ఆన్‌లైన్‌లో ఏడంగుళాల అలుగు (బ్లేడు), వీపున రంపప్పళ్ళు, పిడిలో దిక్సూచి ఉన్న కత్తి తొమ్మిది వందలకే ఉంది. తీసుకోవచ్చా?
(ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: వద్దు. పిడిలో దిక్సూచి పట్టాలంటే పిడి డొల్లగా ఉండాలి. అప్పుడు అలుగంతా పిడి మొదట్లో ఉన్న చిన్న బోల్టు మీదే ఆగి ఉంటుంది. కట్టె మీద పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే సరిగ్గా అక్కడే విరుగుతుంది. వీపున ఉన్న పళ్ళూ అలంకారమే. రంపానికి పళ్ళు ఒకటి అటు, ఒకటి ఇటు వంగి ఉంటాయి కాబట్టే పొట్టు బయటికి రాలి గాడి తెగుతుంది. వీటికి ఆ వంపు లేదు, కట్టెలో ఇరుక్కుంటాయి. పైగా బొటనవేలు వీపుకు ఆనించి పని చేసుకునే వీలు పోతుంది. ఏ రకం ఉక్కో చెప్పకుండా ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రం రాసి అమ్మే కత్తుల జోలికి అసలు పోకండి.

మీ పనులకు నాలుగంగుళాల అలుగు, రెండున్నర నుంచి మూడున్నర మిల్లీమీటర్ల మందం చాలు. అంతకంటే మందమైతే ఉల్లిగడ్డ తెగదు, పగులుతుంది. తక్కువ ధరలో నమ్మకంగా చెప్పగలిగింది స్వీడన్ మోరా కంపెనీ ‘కంపానియన్’. అలుగు సుమారు 10 సెంటీమీటర్లు, మందం రెండున్నర మిల్లీమీటర్లు. హెవీ డ్యూటీ అనే రకం 3.2 మిల్లీమీటర్లు, మీకు అదే మేలు. తుప్పు పట్టే కార్బన్ ఉక్కులోనూ, 12సి27 అనే స్టెయిన్‌లెస్ రకంలోనూ వస్తుంది. దిగుమతి సరుకు కనుక రేటు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, రెండు మూడు చోట్ల విచారించండి. దీని ఉక్కు పిడి చివరిదాకా పోదు, కొంతవరకే. మామూలు వాడకానికి అది లోపం కాదు.

అయితే ఒక చిక్కుంది. ఈ కత్తుల పదును పైన్ లాంటి మెత్తని కర్రకు తగ్గట్టు పల్చగా పెట్టి ఉంటుంది. మన దగ్గర చేతికందేది సర్కారు తుమ్మ కంప. అది ఎండిందంటే ఇనుమే. దాని ముడి మీద కత్తి పెట్టి మెలిపెడితే అంచు మడత పడుతుంది, లేదా చిన్న చిన్న ముక్కలుగా ఊడుతుంది. అందుకే కొత్త కత్తిని సానరాయి మీద మామూలు కోణం కంటే కాస్త పైకెత్తి, రెండు వైపులా మూడేసి సార్లు తేలిగ్గా లాగండి. అంచున వెంట్రుక వాసి రెండో వాలు ఏర్పడుతుంది. పదును ఏ మాత్రం తగ్గినట్టు అనిపించదు, అంచు మాత్రం నిలుస్తుంది.

కట్టె చీల్చేటప్పుడు లెక్క ఇది: నాలుగంగుళాల అలుగుతో రెండున్నర అంగుళాల కట్టె వరకే. కత్తి మొన అంగుళం పైగా బయటికి కనబడుతుండాలి, దాని మీదే కొట్టాలి. కొట్టేది కర్రతో, రాయితోనో సుత్తితోనో కాదు. ముడి ఉన్న చోట, మెలి తిరిగిన కట్టెలో దింపకండి. అంతకంటే లావు కట్టెకు ఇంట్లో మచ్చుకత్తి ఉంటుందిగా, అది పట్టుకుపోండి. ఒక్క కత్తితో అన్నీ కావాలనుకోవడం వల్లే జనం ఏడంగుళాల వాటి వెంట పడుతున్నారు.

కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పొయ్యి క్యాంపింగ్ స్థలంలోనే, కోట లోపల వద్దు.

ప్రశ్న: కొనేదానికంటే మా ఊరి కమ్మరాయన దగ్గర లారీ కమాన్ కట్టతో చేయించుకుంటే ఎట్లుంటుంది? ఆయన కొడవళ్ళు బాగా చేస్తాడు. ఏమేం చెప్పి చేయించాలి?
(ఒక పాఠకుడు, డోన్)

జవాబు: బాగుంటుంది. కమాన్ కట్ట స్ప్రింగు ఉక్కు; దెబ్బకు తట్టుకుంటుంది, విరగడం అరుదు. కాకపోతే విరిగిపోయి పారేసిన కట్ట తేవద్దు, దాంట్లో కంటికి కనబడని చీలికలు ఉంటాయి. బోల్టు రంధ్రం దగ్గరి భాగం కూడా వద్దు.

కొలతలు కాగితం మీద గీసి ఇవ్వండి, అట్ట ముక్క కత్తిరించి ఇస్తే ఇంకా మంచిది. అలుగు నాలుగున్నర అంగుళాలు, వెడల్పు అంగుళంపావు, మొదట్లో మందం మూడున్నర మిల్లీమీటర్లు, ఉక్కు పిడి చివరిదాకా ఒకటే ముక్క. పిడి రివెట్లకు రంధ్రాలు ముందే వేయించండి. గట్టిపడిన తర్వాత డ్రిల్లు దిగదు.

తేడా వచ్చేదంతా గట్టిపరచడంలోనే. కొడవలి చేసే చేతికి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచే అలవాటు ఉంటుంది. ఈ ఉక్కును పల్చని అంచుతో నీళ్ళలో ముంచితే అంచు చిట్లే ప్రమాదం ఎక్కువ. నూనె వాడమనండి. రెండు మూడు లీటర్ల వేరుశనగ నూనె చాలు, మన సీమలో దానికి కరువేం లేదు. ప్లాస్టిక్ బకెట్ కాదు, ఇనుప డబ్బా. మంట లేస్తే మూయడానికి దాని మీదికి సరిపోయే మూత పక్కనే ఉండాలి. నూనెను చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే 60 డిగ్రీలు, చేసుకోవాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది.

ముంచే ముందు అంచును మిల్లీమీటరు మందంగానే వదలాలి, పదును తర్వాత తీసుకోవచ్చు. కొలిమిలో అలుగు కాలుతుండగా అయస్కాంతం తాకించి చూడండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అంటుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత రంగు ఇంకొంచెం నారింజకు తిరిగేదాకా ఉంచి, మొన కిందికి పెట్టి నిలువునా దించాలి. పక్కకు తిప్పితే అలుగు వంకర పోతుంది. ఈ పని ఎండలో చేస్తే రంగు మోసం చేస్తుంది, నీడలోనో పొద్దు వాలాకో చెయ్యాలి. చల్లారాక ఆకురాయితో అంచు మీద గీసి చూడండి. ఆకురాయి జారితే గట్టిపడినట్టు, కొరికితే మళ్ళీ మొదటికి.

అక్కడితో ఆపేస్తే కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. అదే రోజు ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు, చల్లారాక ఇంకో గంట ఉంచండి. తుడిచి మెరిపించిన అలుగు మీద ఎండుగడ్డి రంగు వస్తే సరి. తర్వాత గ్రైండర్ మీద పెట్టినప్పుడు ప్రతి రెండు మూడు లాగులకూ నీళ్ళలో ముంచాలి. అంచు నీలం తిరిగిందా, అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. ఆ నీలం పోయేదాకా అరగదీయడం తప్ప మందు లేదు.

పిడికి తుమ్మ చెక్క బాగుంటుంది. ఎవరైనా ఎర్రచందనం ముక్క ఇస్తానంటే వద్దనండి. ఎక్కడిదని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

ప్రశ్న: నిమ్మకాయ కోసిన మర్నాటికే కార్బన్ కత్తి నల్లబడింది. పాడైనట్టేనా? సాన పట్టేవాళ్ళకు ఇవ్వమంటారా?
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: నలుపు పాడు కాదు, అది తుప్పును కొంత ఆపుతుంది కూడా. ఎర్రగా, గరుకుగా వస్తేనే తుప్పు. సన్నటి స్టీల్ పీచుతో నూనె వేసి రుద్దితే పోతుంది. పని అవగానే కడిగి, తుడిచి, కొబ్బరినూనె చుక్క రాయండి. నెలల తరబడి దాచేటప్పుడు మాత్రం కుట్టు మిషన్ నూనె, ఎందుకంటే వంటనూనెలు జిగురు కడతాయి. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది.

సాన చక్రానికి ఇవ్వొద్దు. ఆ వేడికి అంచు మెత్తబడుతుంది, కత్తీ త్వరగా అరిగిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండే సానరాయి కొనండి. నీళ్ళలో తడిపి, వాలు మొత్తం రాయికి ఆనేలా పెట్టి, ముందు గరుకు వైపు లాగండి. అవతలి వైపు వేలితో తడిమితే అంచున మడత పడిన ఉక్కు సన్నగా, గరుకుగా తగలాలి. అది అంచు పొడుగునా తగిలేదాకా రెండో వైపు తిప్పకండి. చాలామంది దగ్గర పదును రాకపోవడానికి కారణం ఇదొక్కటే. తర్వాత నునుపు వైపు, చివరగా పాత తోలు బెల్టు మీద, అంచు వెనక వచ్చేలా వెనక్కి లాగుతూ పది సార్లు.

ప్రశ్న: లంకమల వైపు ట్రెక్కింగ్‌కు ఇట్లాంటి చిన్న కత్తి తీసుకుపోతే ఇబ్బందా? తొమ్మిది అంగుళాల లోపైతే ఏం కాదంటున్నారు.
(ఒక పాఠకుడు, బద్వేలు)

జవాబు: ఆ తొమ్మిది అంగుళాల మాట ఆయుధాల చట్టం నియమాలది. అలుగు 9 అంగుళాల కంటే పొడుగో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉండి, ఇంటి పనికో, సేద్యానికో, శాస్త్ర, పారిశ్రామిక పనులకో చేసింది కాకపోతే అది ఆయుధాల లెక్కలోకి వస్తుంది. అడవికి వేరే చట్టం ఉంది. లంకమల్లేశ్వర అభయారణ్యానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అందులో ఆయుధం అనే మాటకిచ్చిన అర్థంలో కత్తులు కూడా ఉన్నాయి, కొలత లేదు. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోకూడదు. నిప్పు పెట్టడమూ నేరమే. ఎర్రచందనం ఉన్న కొండల్లో సంచిలో కత్తి కనబడితే సిబ్బంది మిమ్మల్ని ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు.

ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో ప్రవేశానికి అనుమతి అడగండి, కత్తి సంగతి కూడా అదే దరఖాస్తులో రాయండి. ఒప్పుకోకపోతే ఇంట్లో పెట్టి పోండి. తాడు ముందే కావలసిన పొడుగుకు కోసి, కూరగాయలు తరిగి డబ్బాలో వేసుకుంటే ఒక రోజు నడకకు కత్తితో పనే ఉండదు.