గోగుచేను చాటున

చిరంజీవి తమ్ముడికి,

నీ కవితలు అందాయి. భాష నీ మాట వింటోంది, సందేహం లేదు. కానీ కవితకో వెన్నెల, కవితకో మల్లెపూవు ఏంటయ్యా! పలాస దగ్గర, జీడితోటల మధ్య ఇల్లు పెట్టుకుని సినిమా పాటల మల్లెపందిరి కింద విరహపడుతున్నావు.

ఇలాంటివి రాస్తే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉందన్నావు. హాలుడి గాథాసప్తశతి చూడు, ప్రాకృతంలోని పాతకాలపు చిన్న పద్యాల (గాథల) సంకలనం. అందులో ఒకమ్మాయి తల వంచుకుని ఏడుస్తుంటుంది. ఎందుకయ్యా అంటే, వరిచేలు పండి తెల్లబడుతున్నాయి. పంట చేతికొస్తుంటే ఏడుపెందుకు? కోతలైపోతే వాడిని కలుసుకునే చాటు పోతుంది మరి! పక్కనే పూసిన జనపచేను ఉందిగా అని ఓదారుస్తారు. గాథంతా కలిపి రెండే పాదాలు. ముద్దు లేదు, కౌగిలి లేదు, 'ప్రేమ' అన్న మాటైనా లేదు. ఎవరు తప్పు పడతారు? పంట గురించేగా చెప్పింది!

మా విజయనగరం వైపు ఒకప్పుడు గోగుచేలు మనిషి ఎత్తున ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల మొక్కజొన్న వేస్తున్నారు. అదీ తలకంటే ఎత్తే, చాటుకేం లోటు లేదనుకో. ఏ పంట ఎప్పుడు కోస్తారో తెలిసినవాడికే ఆ అమ్మాయి ఏడుపు రాయడం వస్తుంది.

నీ జీడిచెట్టు దగ్గరికే రా. చలికాలంలో పూత. సన్నటి పూలు, లేత రంగులో విచ్చుకుని రోజు గడిచేసరికి ఎర్రబారతాయి. ఆ వాసన తోట దాటి రోడ్డు మీదికొస్తుంది. గట్టిగా మంచు పడితే పూత మాడిపోతుందని మీ నాన్నగారికి రాత్రిళ్లు నిద్ర పట్టదు కదా, ఆ నిద్ర పట్టకపోవడాన్ని ఒక అమ్మాయికి ఇచ్చి చూడు. ఇంకోటి: అన్ని పళ్లలా కాదు, జీడికి ముందు గింజ వేలాడుతుంది. పండు ఆ తర్వాత ఊరుతుంది. కోరిక గురించి ఇంతకంటే ఏం కావాలి నీకు? వివరించావో, చచ్చింది.

నువ్వు పంపినవాటిలో వంశధార కవిత ఒక్కటే నాకు నచ్చింది. పోటు సమయంలో సముద్రపు నీళ్లు ఏట్లోకి ఎగదన్నడం, తియ్యటి నీళ్లు ఉప్పన కావడం బాగా పట్టుకున్నావు. చివర్లో 'అలాగే నా మనసు కూడా' అంటూ రెండు పాదాలు తగిలించావే, అవి కొట్టేసి మళ్లీ పంపు. వాట్సాప్‌లో అయినా ఫర్వాలేదు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య
విజయనగరం