గేదెల చదువు చదివితే సంబంధాలు రావా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. మాకు నాలుగు గేదెలున్నాయి, వాటి మధ్యే పెరిగింది. ఇంటర్ వద్దు, పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చేరతానంటోంది. ఆడపిల్లకు పశువుల వెంట తిరిగే పనేమిటి, రేపు సంబంధాలు ఎలా వస్తాయని మా అన్నయ్య అంటున్నాడు. పట్నంలో కుక్కల క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేరడానికి ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు ఉందట, ఫీజు నలభై అయిదు వేలు. అదైతే కాస్త గౌరవంగా ఉంటుందేమో. రెండింటిలో ఏది మేలు?
- ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీరు రెండు కోర్సులను పోల్చమన్నారు గానీ, ఉత్తరం బరువంతా మీ అన్నయ్య మాట మీదే ఉంది. పది ఫలితాలు వచ్చాక ఏటా నాకీ ప్రశ్న వస్తుంది. ఊరు మారుతుంది, మేనమామ మాత్రం మారడు.

ఆ నాలుగు గేదెలకు ఇన్నేళ్లుగా తెల్లవారుజామున లేచి పేడ తీసి, పాలు పితుకుతున్నది ఎవరు? మీరే అయి ఉంటారు. అప్పుడు ఎవరికీ రాని అభ్యంతరం, అదే పనికి చదువూ జీతమూ తోడయ్యేసరికి ఎందుకు వచ్చింది? కుక్కపిల్లను ఎత్తుకుంటే గౌరవం, దూడను పట్టుకుంటే నామోషీ అని పిల్లకు నేర్పుతున్నది మేనమామ ఒక్కడే కాదు, మీరు కూడా. కోపం తెచ్చుకోకండి, మీ ఉత్తరంలోనే ఉంది.

ఇక ఆ ఆన్‌లైన్ కోర్సు. పట్టణాల్లో కుక్కల్నీ పిల్లుల్నీ పెంచేవారు పెరిగారు, క్లినిక్‌లకు సహాయకులూ కావాలి. నా అనుమానమల్లా ఆ సర్టిఫికెట్ మీదే. తెలిసిన డాక్టరు క్లినిక్‌లో ఒక సాయంత్రం కూర్చున్నాను. అక్కడి కుర్రాడు లాబ్రడార్‌ను బల్ల మీదికి ఎత్తి, ఒక చెయ్యి మెడ కింద నుంచి, ఇంకో చెయ్యి పొట్ట కింద నుంచి పోనిచ్చి ఛాతీకి అదుముకున్నాడు. డాక్టరు ముంగాలి మీద వెంట్రుకలు గీసి నరం దొరికించుకునేదాకా అది కదలలేదు. ఆ కుర్రాడు నేల తుడిచే పనికి చేరి, నాలుగేళ్లలో ఆ పట్టు నేర్చుకున్నాడు. ఏ సర్టిఫికెట్టూ లేదు. ఫోనులో వీడియో చూస్తే ఆ పట్టు రాదు. ఫీజు కట్టే ముందు వారిని అడగండి: ఏ క్లినిక్‌లో, ఎన్ని రోజులు చేత్తో పని చేయిస్తారు? కిందటి బ్యాచ్‌లో ఉద్యోగం చేస్తున్న ఇద్దరితో మాట్లాడిస్తారా? నూటికి నూరు మందికీ ఉద్యోగాలు అనే జవాబు వస్తే ఫోను పెట్టేయండి. పైగా మొదట్లో ఇచ్చే జీతం పట్నంలో హాస్టలుకు, బస్సుకు పోగా ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి. కుక్కల మీద నిజంగా ప్రేమ ఉంటే ఆ పని డిప్లొమా తర్వాత కూడా చేయవచ్చు.

పాలిటెక్నిక్ డిప్లొమా రెండేళ్లు. మన రాష్ట్రంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పలమనేరు, వెంకటరామన్నగూడెం వంటి చోట్ల ఉంది. పొద్దున ఎదకు వచ్చిన గేదెకు సాయంత్రం, సాయంత్రం వచ్చినదానికి మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ చేయించాలని మీకు తెలిసే ఉంటుంది. మీ అమ్మాయి దానికి వెనక ఉన్న పని నేర్చుకుంటుంది: మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి వీర్యం గొట్టాన్ని తీసి, గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచి, భుజం దాకా గ్లౌజు తొడుక్కుని లోపలి దారిని చేత్తో పోల్చుకోవడం. గాలికుంటుకు, గొంతువాపుకు టీకాలు వేయడం, చెవిపోగులు వేసి పశువుల లెక్క రాయడం కూడా ఇందులోవే.

చేదు మాట కూడా వినండి. ఈ డిప్లొమాతో డాక్టరు కాలేరు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం, రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయడానికే వీలుంది. అమ్మాయి మనసులో డాక్టరు కావాలనే ఉంటే ఇంటర్ బైపీసీ, ఆపైన అయిదున్నరేళ్ల బి.వి.ఎస్సీ. దారి వేరు. ఆ సంగతి ఆమెను అడిగారా? మీ అన్నయ్య ఏమన్నాడో రాశారు గానీ, పిల్ల ఎందుకు చేరతానంటోందో ఒక్క ముక్క కూడా రాయలేదు.

ప్రభుత్వ ఉద్యోగం చేతిలో ఉన్నట్టేనని కూడా అనుకోకండి. 2023లో 1,896 పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. చేరిన కొత్తలో నెలకు 15,000 రూపాయలే. ఇలాంటివి ఏటా వస్తాయని లెక్క కట్టి కూర్చోకూడదు. ఈలోగా 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల్లో, పాల డెయిరీల్లో, కోళ్ల హేచరీల్లో ప్రయత్నించవచ్చు. జీతాలు గొప్పగా ఉండవు, కానీ ఖాళీగా కూర్చోవడం కంటే చేతికి పని అలవాటవుతుంది.

సంబంధాల భయం సంగతి. గేదె ఈనలేక అవస్థ పడుతున్న రాత్రి ఊరివాళ్లు మొదట ఫోను చేసేది పశువుల ఆసుపత్రి సహాయకురాలికే. అలాంటి కోడలు మాకు వద్దనే ఇంటిని మీరే వద్దనుకోవచ్చు.

ఈ వారంలో రెండు రోజులు అమ్మాయిని మీ మండలం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరును అడిగి ఒక మూల నిలబడనివ్వండి. తీరా చూశాక ఆమే వద్దనవచ్చు, అప్పుడు బలవంతం చేయకండి. చేరితే మాత్రం, మీరు అడగకుండా వదిలేసిన ఒక పని ఉంది. పిచ్చికుక్క కాటు పడ్డ పశువు నోట్లో చెయ్యి పెట్టాల్సిన రోజు వస్తుంది. మొదటి నెలలోనే డాక్టరు సలహాతో ఆమెకు ముందస్తు రేబిస్ టీకాలు వేయించండి.