పాత కంప్యూటర్, తేలిక లైనక్స్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా లాప్‌టాప్ 2009 నాటిది. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 7 తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగేయొచ్చు. తేలికపాటి లైనక్స్ వేస్తే బాగుపడుతుందా? ఏది వేయాలి?
– తణుకు పాఠకురాలు

జవాబు: బాగుపడుతుంది, అయితే సగమే. లైనక్స్ తేలిక చేసేది డెస్క్‌టాప్‌ని, బ్రౌజర్‌ని కాదు. యాంటీఎక్స్ అనే తేలిక లైనక్స్ లాంటిది బూట్ అయ్యాక 200–300 ఎంబీతో సరిపెట్టుకుంటుంది. కానీ ఫైర్‌ఫాక్స్‌లో ఐదారు ట్యాబ్‌లు తెరిస్తే జీబీకి పైగా దానికే పోతుంది, ఏ లైనక్స్ వేసినా అంతే. కాబట్టి పేర్ల వేట తర్వాత, ముందు ర్యామ్ 4 జీబీ చేయండి. వెనక మూత విప్పి ఇప్పుడున్న ర్యామ్ మీది స్టిక్కర్ చూడండి. పీసీ2 అని ఉంటే డీడీఆర్2, పీసీ3 అని ఉంటే డీడీఆర్3. రెండింటికీ గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. ఇంటెల్ 945 చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీద ర్యామ్‌ను నడిపే చిప్‌లు) అయితే 4 జీబీ పెట్టినా మూడు పైచిలుకే కనిపిస్తుంది. దుకాణం వాడితో తగువు పడకండి, అది చిప్‌సెట్ హద్దు.

తర్వాతి ఖర్చు హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టే రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 120 జీబీ చాలు. పాత సాటా-2 పోర్టులో పూర్తి వేగం రాదని కొందరు వెనక్కి లాగుతారు. నిజమే కానీ, హార్డ్ డిస్క్ మిమ్మల్ని ఏడిపించేది చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ల కోసం దాని తల అటూ ఇటూ తిరగడం వల్ల. ఎస్ఎస్‌డీలో ఆ తిరుగుడే లేదు.

ఈ రెండూ చేస్తే ఎంఎక్స్ లైనక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న రకం హాయిగా నడుస్తుంది. 2 జీబీతోనే నెట్టుకొస్తానంటే దానికన్నా తేలికైన ఎంఎక్స్ ఫ్లక్స్‌బాక్స్ గానీ యాంటీఎక్స్ గానీ వేసుకుని, జెడ్‌ర్యామ్ తోడు పెట్టుకోండి. ప్రస్తుతం వాడని మెమరీ పేజీలను (ర్యామ్‌లోని సమాచారపు ముక్కలను) డిస్క్‌కు తోలకుండా ర్యామ్‌లోనే కుదించి దాచడం దాని పని. జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేశాక దాని సెట్టింగుల ఫైల్లో పర్సెంట్ విలువ 50 పెట్టండి. ఆ లైను ముందున్న హ్యాష్ (#) గుర్తు తీసేయాలి, లేకపోతే మీరు రాసింది లెక్కలోకి రాదు.

లైనక్స్ వేయడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని రూఫస్ అనే విండోస్ ప్రోగ్రాంతో తయారు చేసేటప్పుడు పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్ ఎంచుకోండి. మరో ఎంపిక అయిన జీపీటీతో చేసిన పెన్‌డ్రైవ్‌ని ఆ కాలపు బయోస్‌లు (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాంలు) చాలావరకు పట్టించుకోవు. ఇన్‌స్టాల్ చేసే ముందు లైవ్‌లోనే, అంటే పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిపి, వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ చూసుకోండి. మూత వేసి తీస్తే మేలుకుంటుందో లేదో కూడా చూడండి. వేగం మాత్రం అక్కడ కొలవద్దు, యూఎస్‌బీ 2.0 మీద ఏదైనా ఈడుస్తుంది.

ప్రశ్న: ఆటమ్ ఎన్270 నెట్‌బుక్, 1 జీబీ ర్యామ్. లైనక్స్ పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 సీపీయూ కావాలి’ అని ఆగిపోతోంది.
– నంద్యాల విద్యార్థి

జవాబు: పెన్‌డ్రైవ్ బాగానే ఉంది. ఎన్270 అచ్చంగా 32 బిట్ ప్రాసెసర్, మీరు దించుకున్నది 64 బిట్ ఐఎస్ఓ (లైనక్స్ ఇన్‌స్టాల్ ఫైలు). యాంటీఎక్స్‌కు పునాది డెబియన్ అనే లైనక్స్; 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. డెబియన్ 12 మీద కట్టిన యాంటీఎక్స్ 23లో 32 బిట్ ఐఎస్ఓ ఉంది, అది వేయండి. లైనక్స్‌లో 32 బిట్ క్రోమ్ 2016లోనే ఆగింది, ఫైర్‌ఫాక్స్ కూడా 2025లో 144తో ఆపేసింది. తాజా బ్రౌజర్ అందదు కాబట్టి బ్యాంకు లావాదేవీలకు ఈ మెషీన్ వద్దు. పైథాన్ నేర్చుకోవడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి, పాటలకు వాడుకోండి. తెర 600 పిక్సెళ్ల ఎత్తే ఉంటే కొన్ని విండోల్లో ఓకే బటన్ అడుగున దాక్కుంటుంది. ఆల్ట్ నొక్కి పట్టి మౌస్‌తో విండోని పైకి లాగండి.

ప్రశ్న: లైనక్స్ వేశాక వైఫై కనిపించడం లేదు. కేబుల్ పెడితే ప్రతి సైటూ ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోంది. రెండూ ఒకే జబ్బా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: కాదు. రెండోది ముందు చూద్దాం, అది తేలిక. కంప్యూటర్‌లో తేదీ ఎంత ఉంది? 2009 అనో 2010 అనో ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సైటు సర్టిఫికెట్ ఆ తేదీకి ఇంకా పుట్టనే లేదు, అందుకే బ్రౌజర్ ఒప్పుకోదు. బిళ్ల మార్చి తేదీ సరిచేయండి. లాప్‌టాప్‌లలో దానికి వైరు, ప్లగ్గు ఉండొచ్చు, చూసి కొనండి.

ఇక వైఫై: చిప్ బ్రాడ్‌కామ్ కంపెనీది అయి ఉండొచ్చు. దాని డ్రైవరు చాలాసార్లు విడిగా వేసుకోవాలి. వేయడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి వైఫై కావాలి! కేబుల్ అందని చోట ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కు ఇవ్వడం) ఆన్ చేస్తే మామూలుగా డ్రైవరేదీ అడగదు.

ప్రశ్న: లైనక్స్‌లో తెలుగు టైపింగ్ ర్యామ్ తింటుందా? అను ఫాంట్లతో చేసిన నా పాత డీటీపీ ఫైళ్లు తెరుచుకుంటాయా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు కీబోర్డు) వచ్చినవాళ్లు కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే చాలు, అదనపు భారం ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతికి ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేయాలి, అవి కొంత ర్యామ్ తీసుకుంటాయి. అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేయండి. అను సంగతి వేరు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతం) కాదు, ఆ ఫాంటు లేని చోట గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. డీటీపీ పని ఆ మెషీన్ మీదే నడుస్తుంటే విండోస్ తీసేయకండి. పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చుకున్నాక ఆలోచించవచ్చు.