పాత పికప్‌కి లిఫ్ట్ కిట్ వేయాలంటే: ముందు బండి ఎంత కుంగిందో కొలవండి

మీరు అడిగింది ఇదీ: పాతికేళ్ళు దాటిన ఫోర్ బై ఫోర్ పికప్, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), ముందు టోర్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). నాలుగు అంగుళాలు లేపి పెద్ద టైర్లు వేయాలి, ఇంటి దగ్గరే చేసుకోవచ్చా? వెనక భాగం చేసుకోవచ్చు. ముందు భాగం సగం వరకు చేసుకోవచ్చు. నాలుగు అంగుళాలు మాత్రం వద్దు. ఇలాంటి బండికే నేను రెండు అంగుళాల లిఫ్ట్ వేసుకుని వాడుతున్నాను, ఆ అనుభవంతోనే చెప్తున్నా.

కిట్ ఆర్డర్ పెట్టేముందు బండిని చదునైన నేల మీద నిలబెట్టి, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు చక్రాల దగ్గరా టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు సైజూ గాలీ లెక్కను పాడుచేస్తాయి. ఈ వయసు బండ్లలో కమాన్లు బరువు మోసి మోసి వంపు పోయి దాదాపు చదునైపోయి ఉంటాయి. నా బండిలో డ్రైవర్ వైపు ఇంకాస్త ఎక్కువే కుంగింది. అలాంటి కట్ట కింద బ్లాక్ (ఎత్తు కోసం పెట్టే దిమ్మ) పెట్టి లేపడం దండగ. సరైన వంపున్న కొత్త కట్ట వేస్తే, పోయిన ఎత్తు దానంతటదే తిరిగొస్తుంది. మీకు లిఫ్ట్ అనిపిస్తున్న దాంట్లో కొంత నిజానికి రిపేరే.

ఇంకో సంగతి. సస్పెన్షన్ లేపితే ఛాసిస్, బాడీ పైకి లేస్తాయి కానీ వెనక డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్యలో గేర్లుండే ఉబ్బు) ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 29 అంగుళాల టైరు తీసి 31 వేస్తే దాని కింద పెరిగేది ఒక్క అంగుళం. రాళ్ళకు గుండు తగులుతోందనేదే మీ బాధ అయితే లిఫ్ట్ కిట్ దానికి మందు కాదు, పెద్ద టైరుకి చోటివ్వడం వరకే దాని పని. టైరు పెరిగితే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది కూడా: ఇదే మార్పుతో ముల్లు 80 దగ్గర ఉంటే బండి 85 దాటి పోతుంటుంది.

ఇక పనిలోకి వస్తే, సమయం తినేది కొత్త సామాను బిగించడం కాదు, పాతది ఊడదీయడం. ముందు రోజు నుంచే తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండండి. కమాన్ కంటి (కట్ట చివర ఉండే రింగు) బోల్టు దగ్గర ఒక చిత్రం జరుగుతుంది. పానా వేసి లాగితే బోల్టు తిరుగుతున్నట్టే ఉంటుంది, చెయ్యి వదలగానే మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది. బోల్టు, ఆ కంటిలో ఉండే రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయిందన్నమాట. మీరు తిప్పుతున్నది బోల్టుని కాదు, రబ్బరుని మెలిపెడుతున్నారు. అక్కడ బలం చూపించి లాభం లేదు, బ్రాకెట్‌కీ బుష్‌కీ మధ్య రంపం బ్లేడు దూర్చి కోసేయాలి. వేడి చేద్దామనుకుంటే రబ్బరు అంటుకుంటుంది, పక్కనే పెట్రోల్ ట్యాంకు, బ్రేక్ పైపులు ఉంటాయి, జాగ్రత్త. కొత్త బోల్టులు, బుష్‌లు ముందే తెచ్చి పెట్టుకోండి. అదే సమయంలో కమాన్ బ్రాకెట్ల చుట్టూ ఛాసిస్‌ని సుత్తితో తట్టి చూడండి. టంగుమనకుండా పెచ్చులు రాలితే లిఫ్ట్ ఆలోచన మానేసి వెల్డింగ్ సంగతి చూసుకోండి.

బండి బరువు ఛాసిస్ కింద పెట్టిన స్టాండ్ల మీద ఉండాలి. జాకీ హౌసింగ్‌ని (వెనక ఇరుసు గొట్టాన్ని) పైకీ కిందికీ కదపడానికే. కట్టని హౌసింగ్‌కి పట్టి ఉంచే పాత యు బోల్టులు మళ్ళీ వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగిపోతాయి. కొత్తవాటిని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. రబ్బరు బుష్‌లున్న కంటి బోల్టుల్ని బండి చక్రాల మీద దిగాకే ఫైనల్‌గా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరిగిపోతుంది. బ్లాక్ వాడక తప్పకపోతే వెనక మాత్రమే, అదీ ఒక్కటే. ఒకదాని మీద ఒకటి పేర్చిన బండి ఎక్కమంటే నేను ఎక్కను.

పొడవాటి షాకిల్‌తో (కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే ముక్క) పని కానిద్దామనుకుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి: షాకిల్ రెండు అంగుళాలు పెరిగితే బండి లేచేది సుమారు ఒక అంగుళమే. పైగా హౌసింగ్ కోణం మారుతుంది.

ముందు టోర్షన్ బార్ల బోల్టు తిప్పితే ఎత్తు పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు, అందుకే అందరూ అదే చేస్తారు. కానీ బండి పైకి లేచినకొద్దీ చక్రం కిందికి దిగడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. గుంటలో పడ్డప్పుడల్లా పై ఆర్మ్ వెళ్ళి స్టాప్‌ని ఠక్కున కొడుతుంది. యాక్సిల్ సీవీ జాయింట్లు (ముందు చక్రాలకు శక్తినిచ్చే కీళ్ళు) మరీ ఎక్కువ కోణంలో వంగి వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి. అంగుళం, అంగుళంన్నర దగ్గర ఆపేయండి. అంతకు మించి కావాలంటే డిఫరెన్షియల్‌ని కిందికి దించే బ్రాకెట్లున్న పూర్తి కిట్ కావాలి, అది ఇంటి ముందు చేసే పని కాదు. తిప్పేముందు బార్లకు పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. వాటిని ఊడదీయాల్సి వస్తే లోడ్ దించే పుల్లర్ లేకుండా ముట్టుకోవద్దు.

బిగింపు అయ్యాక చక్రాలను పూర్తిగా వేలాడదీసి బ్రేక్ హోసులు చూడండి. ముందువైతే స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. హోసు బిగుసుకుపోతే పొడవుది వేయాల్సిందే, లాగి సరిపెట్టే బేరం లేదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్, హౌసింగ్ బ్రీదర్ గొట్టం కూడా చూడండి. పాత హైలక్స్ లాంటి వాటిలో వెనక హౌసింగ్‌కి ఒక కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వ్ ఉంటుంది. లోడ్ ఎంతుందో అది బండి ఎత్తుని బట్టే పసిగడుతుంది. ఎత్తు పెంచేస్తే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించేస్తుంది. ఆ కడ్డీ బ్రాకెట్‌ని కూడా తగినంత జరపాలి. చాలా కిట్లలో ఈ ముక్క ఉండదు, అమ్మేవాడూ చెప్పడు.

కొత్తగా వణుకు మొదలైతే టైర్ల బ్యాలెన్సింగ్ కంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక ఇరుసుకి శక్తిని చేర్చే పొడవాటి గొట్టం) కోణం చూడండి. ఎక్సలరేటర్ తొక్కినప్పుడు పెరిగి, వదిలితే తగ్గుతుంటే దాదాపు అదే. కట్టకీ హౌసింగ్‌కీ మధ్య ఏటవాలు షిమ్ (సన్నని పలక) పెడితే నాకు పోయింది. షాక్ అబ్జార్బర్లు కొత్త ఎత్తుకి తగ్గ పొడవువి ఉండాలి, బంప్ స్టాప్ (ఇరుసు మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలకముందే షాక్ లోపలికి పూర్తిగా మూసుకుపోకూడదు.

మొదట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా బ్రేకులు పరీక్షించి, నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళండి. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకోండి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ళు తిట్టుకుంటారు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యు బోల్టులు మళ్ళీ బిగించండి. టార్క్ రెంచ్ పెట్టి చూస్తే అన్నీ ఎంతో కొంత తిరుగుతాయి, అది మామూలే. రెండోసారి బిగించి ఇంకొన్నాళ్ళు తిరిగాక కూడా అలాగే తిరుగుతుంటే మాత్రం కమాన్ పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల హౌసింగ్ ప్యాడ్ రంధ్రంలో సరిగ్గా కూర్చుందో లేదో విప్పి చూడండి.