ఇంజన్ నంబరు కలవలేదు.. మీ గడువు మాత్రం నవంబరు 17

ప్రశ్న: మాది హైదరాబాద్. కాలేజీ రోజుల నుంచి ఫియట్ పాలియో 1.6 అంటే నాకు ప్రాణం. 2004 జూన్‌లో రిజిస్టరైన కారును 2018లో మొదటి ఓనర్ దగ్గర కొని నా పేరుకు మార్పించుకున్నాను. ఆదివారాలు నడుపుకోవడానికి పూర్తిగా రీస్టోర్ చేయించాలని 2023 మార్చిలో వేరే రాష్ట్రంలో ఫియట్ కార్లకు పేరున్న ఒక గ్యారేజీకి లారీలో పంపాను. 4.35 లక్షలు తీసుకుని 2023 నవంబరు 18న కారు అప్పగించారు. ఈ ఆగస్టులో (2025) ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్తే, ఇంజన్ నంబరు ఆర్‌సీతో కలవడం లేదని ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) వెనక్కి పంపారు. గ్యారేజీవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. 5 వేలిస్తే పాత నంబరే పంచ్ చేస్తానని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. మానసిక వేదనకు 10 లక్షలు అడగొచ్చా? ఎంవీఐ చెప్పిన రోజు నుంచి కేసు వేయడానికి రెండేళ్లు టైముంటుంది కదా? వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం ఏడు పేజీలు. రెండుసార్లు చదివి ఒకే ఒక్క వాక్యం కింద గీత గీశాను. ఐదో పేజీలో మీరు మాటవరసకు రాసింది అది: "2023 ఫిబ్రవరిలో ఇన్సూరెన్స్ ల్యాప్స్ అయితే సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకున్నాకే పాలసీ ఇచ్చారు." మీ కేసు మొత్తం ఆ వాక్యంలో ఉంది.

ఎందుకో చెబుతాను. కారు గ్యారేజీలోకి వెళ్లిన రోజు దానిలో ఏ ఇంజన్ ఉంది? మీరు వెళ్లాల్సిన వినియోగదారుల కమిషన్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. అవతలి లాయరు వాదన నాకు ఇప్పుడే వినిపిస్తోంది: "అది అప్పటికే 19 ఏళ్ల బండి. ఇంజన్ ఎప్పుడు ఎవరు మార్చారో మాకేం తెలుసు? మాకు వచ్చింది ఈ ఇంజన్‌తోనే." దీనికి మీ దగ్గరున్న జవాబు ఏమిటి? 2019లో 15 ఏళ్లు నిండాక మొదటిసారి రెన్యువల్ చేయించినప్పుడు ఎంవీఐ నంబర్లు చూసే సంతకం పెట్టారు. అది మంచి సాక్ష్యమే, కానీ 2019కీ 2023కీ మధ్య నాలుగేళ్ల ఖాళీ ఉంది. సర్వేయర్ ఫొటోలో ఇంజన్ నంబరు కనిపిస్తే ఆ ఖాళీ ఒక్క నెలకు తగ్గిపోతుంది. కాబట్టి ఆ తనిఖీ రిపోర్టు, ఫొటోలు, ఛాసిస్ ప్రింట్ (బండి చట్రం మీది నంబరు అచ్చు) ఏదైనా తీసి ఉంటే అది కూడా ఇవ్వమని ఇన్సూరెన్స్ కంపెనీకి రేపే రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ రంగ కంపెనీ అయితే ఆర్‌టీఐ కింద కూడా అడగొచ్చు. ఇవ్వకపోతే కంగారు వద్దు. పత్రాలు తెప్పించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు చట్టమే ఇచ్చింది. కారు పంపిన లారీ రసీదు కూడా వెతకండి, ఏ తేదీన ఎవరి చేతికి వెళ్లిందో అది చెబుతుంది.

రెండో సాక్ష్యం మీకు తెలియకుండానే నాకు పంపారు. 2023 మే నెలలో గ్యారేజీవాళ్లు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో. స్టాండు మీద విప్పి ఉన్న ఇంజన్, పక్కన "మీ ఇంజన్ రీబిల్డ్ నడుస్తోంది సార్" అని మెసేజ్. పెద్దది చేసి చూశాను. ఇంజన్ బ్లాక్ మీద నంబరు కొట్టే చదునైన చోట ఆయిల్ మరక కింద చివరి నాలుగు అంకెలు చదవడానికి వస్తున్నాయి. అవి మీ ఆర్‌సీలో ఉన్నవి కావు. వాళ్ల మెసేజే వాళ్లమీద సాక్ష్యం. ఆ చాట్ చెరిగిపోకుండా చూసుకోండి. ఆ ఫోన్ మార్చకండి, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. అది లేకుండా ప్రింటవుట్ తీసుకెళ్తే అభ్యంతరం వస్తుంది.

కానీ అదే ఫొటో మీకు రెండో వైపు కూడా కోస్తుంది. ఇక్కడే గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం ఏర్పడిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఎంవీఐ చెప్పిన ఆగస్టు నుంచి లెక్క పెట్టుకుని మీరు ధీమాగా ఉన్నారు. ఆ ధీమా వదిలేయండి. దాచిన మోసం బయటపడిన రోజు నుంచి గడువు లెక్కించాలని మనమూ వాదిస్తాం, కానీ ఆ వాదన గెలుస్తుందన్న నమ్మకంతో తేదీని జారవిడవకూడదు. "నంబరు కనిపించే ఫొటో మేలోనే పంపాం, అప్పుడే చూసుకోవాల్సింది" అని వాళ్లు అనకుండా ఉండరు. మనకు గట్టి నేల కారు అప్పగించిన 2023 నవంబరు 18. పని పూర్తయి, డబ్బు తీసుకుని, ఇదిగో మీ కారు అని చేతికిచ్చిన రోజు అది. అంటే 2025 నవంబరు 17, సోమవారం లోపు ఫిర్యాదు దాఖలైపోవాలి. మీకు మిగిలింది ఆరు వారాలు. మే నెల వాదన వస్తే తట్టుకోవడానికి ఆలస్యం మన్నించమనే పిటిషన్ కూడా ముందు జాగ్రత్తగా అప్పుడే జతచేయండి.

లీగల్ నోటీసు పంపి, వాళ్ల జవాబు కోసం కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఒక్క రోజు కూడా పెరగదు. 15 రోజుల గడువుతో ఈ వారమే పంపండి, ఈలోపు ఫిర్యాదు రాయించుకోండి. గ్యారేజీ ఉన్న ఊరికి వెళ్లాల్సిన పని లేదు. మీరు నివసించే చోటే వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు కూడా లేదు. కమిషన్‌లో గడువు తప్పితే సివిల్ దావాకు మూడేళ్లు ఉంది, కానీ అక్కడ కోర్టు ఫీజు కట్టాలి, కాలమూ ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట. 4.35 లక్షల్లో 1.60 లక్షలే యూపీఐలో ఇచ్చారు. మిగతా 2.75 లక్షలు నగదు, బిల్లు లేదు, రసీదు లేదు, జాబ్ కార్డు మీద సంతకం లేదు. "మంచివాళ్లలా కనిపించారు" అని రాశారు. లక్షల పని అప్పగించేటప్పుడు కారు నంబరు, ఇంజన్ నంబరు, చేయబోయే పని ఒక కాగితం మీద రాయించుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మీరు పెట్టలేదు. ఆ డబ్బు డ్రా చేసిన తేదీల బ్యాంక్ స్టేట్‌మెంట్, "అమౌంట్ అందింది" అన్న మెసేజ్‌లు తేదీల వారీగా పక్కపక్కన పెట్టండి. ఒకటికొకటి అతికితే కమిషన్ నమ్మే అవకాశం ఉంటుంది.

మెకానిక్ చెప్పిన పని మాత్రం చచ్చినా చేయించకండి. ఈ క్షణం వరకు మీరు మోసపోయిన మనిషి. పంచ్ పడిన మరుక్షణం నిందితుల వరుసలో నిలబడతారు. పాత అంకెలు చెరిపి వేరేవి కొడితే ఫోర్జరీ, మోసం కేసులు మీ మీదికి వస్తాయి. ఆ ఇంజన్ ఎక్కడో దొంగతనం జరిగిన బండిది అయితే? భారతీయ న్యాయ సంహిత 317 దొంగసొత్తు గురించి చెబుతుంది. అనుమానించడానికి కారణం ఉండీ దగ్గర ఉంచుకున్నారన్న మాట మీ మీద పడుతుంది. పైగా కేసులో మీకున్న అసలు సాక్ష్యం ఆ ఇంజన్ మీద ఇప్పుడున్న నంబరే. దాన్ని చెరిపితే మీ కేసును మీ చేత్తోనే చెరిపేసినట్టు. అందుకే ఇంజన్ విప్పకుండా, కడగకుండా లైసెన్స్ ఉన్న సర్వేయర్ చేత గానీ చార్టర్డ్ ఇంజనీర్ చేత గానీ తనిఖీ చేయించి రిపోర్టు తీసుకోండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాహన ఎన్‌ఓసీ సేవలో ఇంజన్ నంబరు కొట్టి చూసి, వచ్చిన కాగితం దాచండి. ఆ కాగితాలతో పోలీసులకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. అప్పగించిన సొత్తును మార్చేయడం నమ్మకద్రోహం. అది జరిగింది 2023లో కాబట్టి పాత ఐపీసీ సెక్షన్ 406. "ఇది సివిల్ వ్యవహారం" అని స్టేషన్‌లో పక్కన పెట్టినా సరే, ఫిర్యాదు అందినట్టు రసీదు తీసుకోండి. నంబరు తేడా సంగతి ముందుగా చెప్పింది మీరేనని రేపు ఆ రసీదే చూపిస్తుంది.

ఇంకో సంగతి మీరు అసలు అడగలేదు. మీ ఆర్‌సీ గడువు 2024 జూన్‌లోనే ముగిసింది. అయినా ఈ ఆగస్టు వరకు ప్రతి ఆదివారం అనంతగిరి కొండలదాకా వెళ్లొచ్చామని సంతోషంగా రాశారు. 14 నెలలు రిజిస్ట్రేషన్ లేని బండి నడిపారు. పట్టుబడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192 కింద మొదటిసారి 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానా. అది చిన్న విషయం. దారిలో ఏదైనా జరిగి ఉంటే? తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన కారు పోతే క్లెయిమ్ ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2021లో సుశీల్ కుమార్ గోదారా కేసులో చెప్పింది. మీ పాలసీ చేతిలో ఉన్నా ఇదే అభ్యంతరం వచ్చేది. తాళం పక్కన పెట్టండి. ఆర్‌సీ వచ్చేదాకా ఆ కారు గేటు దాటకూడదు.

ఆర్టీఏ (రవాణా శాఖ కార్యాలయం) దగ్గర దారి లేకపోలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52(3) ప్రకారం అనుమతి లేకుండా ఇంజన్ మారితే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. మీకు తెలిసింది ఆగస్టులో, కాబట్టి ఆలస్యానికి కారణం రాసి, ఎంవీఐ వెనక్కి పంపిన కాగితం, పోలీసు ఫిర్యాదు రసీదు జతచేసి ఇప్పుడే అర్జీ పెట్టండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు కుదరవని 2019లో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మీకు కలిసొచ్చేది ఒక్కటే: ఇప్పుడున్నది కూడా ఫియట్ 1.6 ఇంజనే. ఫియట్‌వాళ్ల పెట్రా సెడాన్‌లోనూ 1.6 వచ్చింది, బహుశా పాత పెట్రా నుంచి తీసి పెట్టి ఉంటారు. అదే కంపెనీ, అదే రకం అని సర్వేయర్ రిపోర్టులో రాయించండి. అయితే ఇంజన్ ఏ బండిదో చూపే కాగితం అడుగుతారు, అది గ్యారేజీ దగ్గర ఉండాలి. ఆ కాగితాలు ఇవ్వాలని కూడా కమిషన్‌లో కోరాలి. 20 ఏళ్లు దాటిన కారు కాబట్టి రెన్యువల్ ఫీజు 10 వేలు, పైన ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన వాహనాలకే, ఆ ఆలోచన మానండి.

మానసిక వేదన కింద 10 లక్షలు అడిగితే అసలు విషయం పక్కకు పోతుంది. అక్కడ ఒక మితమైన అంకె చాలు. మొదటి కోరికగా మీ పాత ఇంజన్‌ను, ఆర్‌సీలో ఉన్న ఆ నంబరుతో సహా, తిరిగి ఇప్పించి వాళ్ల ఖర్చుతో బిగించమని రాయించండి. దాన్ని అమ్మేశాం, తుక్కు చేశాం అంటే, రీబిల్డ్ పేరుతో తీసుకున్న మొత్తం, అదే రకం ఇంజన్ ఖర్చు, సర్వేయర్ ఫీజు వడ్డీతో సహా రెండో కోరికగా. గ్యారేజీ ఆ పాత ఇంజన్‌ను ఎవరికీ అమ్మకుండా, కదల్చకుండా మధ్యంతర ఉత్తర్వు కోసం మొదటి రోజే పిటిషన్ వేయండి. ఆ బ్లాక్ ఇప్పటికీ వాళ్ల షెడ్డులో ఏ మూలనో ఉండే అవకాశం ఉంది.