పాత తేదీ వేసి మ్యాపు మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

ప్రశ్న: చెన్నై మణలిలో ఒక కెమికల్ ప్లాంటులో సేఫ్టీ ఆఫీసర్‌ని. మాది సూళ్లూరుపేట. నాలుగు నెలల కిందట రాత్రిపూట గ్యాస్ లీకైతే ఫైరింజను మ్యాపు చూసి పడమటి గేటుకు వచ్చింది. కొత్త ట్యాంకు కట్టినప్పుడే ఆ గేటు మూసి గోడ కట్టేశారు. బండి చుట్టూ తిరిగి వచ్చేలోపు ఒక కాంట్రాక్టు కార్మికుడికి తీవ్ర గాయాలయ్యాయి. తప్పు నాదేనని కంపెనీ నోటీసిచ్చింది, 7 రోజుల్లో జవాబివ్వాలి. కొత్త మ్యాపుకు పోయినేడాది తేదీ వేసి సంతకం పెడితే నోటీసు వెనక్కి తీసుకుంటానంటున్నాడు మేనేజరు. మాక్ డ్రిల్ రిపోర్టులో గేటు సంగతి రాసి మెయిల్ చేశాననుకుంటా. ఇంటి లోను ఉంది, నాన్నకు ఆపరేషన్. నిద్ర పట్టడం లేదు సార్.

జవాబు: లోనూ ఆపరేషనూ నోటీసుకు జవాబు కావు. మీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క ఆ మెయిల్ ఒక్కటే, దానికీ "అనుకుంటా" అని తోక తగిలించారు. నోటీసు చేతికొచ్చాక కూడా ఆ మెయిల్ వెతకలేదా? ఈ రాత్రికే వెతకండి.

ఎందుకంటే, భోపాల్ తర్వాత వచ్చిన 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 13వ రూలు ప్రకారం ఆన్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్ (ప్రమాదం జరిగితే ప్లాంటు లోపల ఎవరేం చేయాలో చెప్పేది, మీ మ్యాపూ దాన్లోదే) తయారుచేసి, ప్లాంటులో మార్పులు జరిగినప్పుడల్లా దాన్ని సరిచేసే బాధ్యత ఆక్యుపయర్‌ది, అంటే ఆ ప్లాంటు వ్యవహారాలు ఎవరి అదుపులో ఉన్నాయో వాళ్లది, మీది కాదు. అలాగని మీరు బయటపడ్డట్టేం కాదు. గేటు మూశారని తెలిసీ నోరు మెదపలేదంటే అది మీ సొంత నిర్లక్ష్యం అవుతుంది, రాసి పంపి ఉంటే బంతి వాళ్ల కోర్టులో ఉంది. నోటితో చెప్పాను అంటారేమో, దానికి సాక్షి ఎవరు, మీ మేనేజరా?

పాత తేదీ మాట మాత్రం పొరపాటున కూడా ఒప్పుకోకండి. ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేసి రిపోర్టు అధికారులకు అందుబాటులో ఉంచాలని అదే రూలు. అవి వాళ్లకు పంపి ఉంటే పాత కాపీలు వాళ్ల ఆఫీసులో ఉంటాయి, పక్కన పెట్టి చూస్తే మీ కొత్త మ్యాపు ఐదు నిమిషాల్లో దొరికిపోతుంది. నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైందన్న కేసుకు గరిష్ఠంగా 3 ఏళ్ల శిక్ష, కోర్టు దాన్ని విచారణకు తీసుకోవడానికి గడువూ 3 ఏళ్లే. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే 7 ఏళ్ల దాకా పడుతుంది, దానికి గడువంటూ లేదు. మేనేజరు రిటైరై మనవళ్లతో ఆడుకుంటున్నా కేసు వేయొచ్చు, సంతకం మాత్రం మీది.

మెయిల్ దొరికితే డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్‌తో పని జరగదు. మ్యాపు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి ఉంటే ఇంకెవరికీ పంపకండి, అది మరో తలనొప్పి.

నోటీసుకు గడువులోపే స్పీడ్ పోస్టులో జవాబివ్వండి. తప్పు ఒప్పుకోకుండా, ప్లాన్ కాపీ, ట్యాంకు కట్టినప్పుడు తీసుకున్న అనుమతులు, రెండేళ్ల డ్రిల్ రిపోర్టులు ఇప్పించి వివరణకు టైమివ్వమని అడగండి, మెయిల్ జత చేయండి. అవే రిపోర్టుల కోసం ఆ అధికారుల ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, కానీ దానికి 30 రోజులు పడుతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని జవాబు ఆపొద్దు. సంతకం పెట్టమన్న మాట మేనేజరు మళ్లీ ఎత్తితే, "మీరు చెప్పింది మెయిల్‌లో రాసి పంపండి సార్" అనండి, పంపడు. పోలీసుల నుంచి నోటీసొస్తే హాజరు తప్పించుకోకండి, కానీ వెళ్లే ముందు లాయరును కలవండి.