తాయెత్తు, సిరప్, కుమ్మరి గాడిద

ప్ర: పోయిన నెల మా బాబుకి జ్వరం వచ్చి మూడు రోజులైనా తగ్గలేదు. మూడో రోజు సాయంత్రం మా అత్తగారు తాయెత్తు తెచ్చి కట్టారు. అదే రాత్రి నేను డాక్టరు రాసిచ్చిన కొత్త సిరప్ పట్టాను. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. తాయెత్తు వల్లే అంటారు అత్తగారు, సిరప్ వల్ల అంటాను నేను, మా ఆయనేమో "రెండూ కాదు, దానంతటదే తగ్గింది" అని ఇద్దర్నీ ఉడికిస్తున్నారు. అసలు ఫలానాదే కారణం అని తేల్చేది ఎలాగండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జ: కోపం తెచ్చుకోనంటే ఒక మాట. మీ వాదన, మీ అత్తగారి వాదన అచ్చంగా ఒకటే. "ఇది చేశాం, తర్వాత తగ్గింది, కాబట్టి దీనివల్లే తగ్గింది." ఆవిడ తాయెత్తు అన్నచోట మీరు సిరప్ అన్నారు, అంతే. సిరప్ మీద నాకూ నమ్మకమే, కానీ ఆ నమ్మకం ఆ రాత్రి మీ ఇంట్లో జరిగినదాన్ని చూసి వచ్చింది కాదు, ఎక్కడో కొందరు రోగులకు మందు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూశారు కాబట్టి వచ్చింది.

ఈ తగువు కొత్తదేం కాదు. న్యాయశాస్త్రం (అంటే మన పాత తర్కశాస్త్రం) నేర్చుకునేవాళ్లు చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, "కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోతాడా" అని సామెతే ఉంది ఆయన మీద. కార్యానికి, అంటే ఫలితానికి, ముందు తప్పకుండా ఉండేది కారణం అన్నాడు. అంటే ఏదో ఒకసారి ముందు ఉంటే చాలదు, ప్రతిసారీ ఉండాలి. తాయెత్తు ఇక్కడే సగం ఓడిపోయింది, ఎందుకంటే తాయెత్తు మొహం చూడని పిల్లలకీ జ్వరాలు తగ్గుతూనే ఉన్నాయి. (మీ సిరప్ కూడా సంతోషపడక్కర్లేదు, అది పట్టని పిల్లలకీ తగ్గుతున్నాయి.)

కానీ ముందు ఉన్నవన్నీ కారణాలు అనుకుంటే పెద్ద చిక్కు. కుండ తయారయ్యే ముందు మట్టి ఉంది, సారె ఉంది, దాన్ని తిప్పే కర్ర ఉంది, బాగానే ఉంది. కర్ర రంగు కూడా ఉంది కదా? కుమ్మరి వాళ్ల నాన్న లేకపోతే కుమ్మరే లేడు కదా, ఆయన కూడా కారణమేనా? అలా అయితే ప్రతి కుండ ధరలో తాతముత్తాతలకీ వాటా ఇవ్వాలి! మట్టి మోసుకొచ్చిన గాడిద సంగతో? ఇలాంటివాటిని నైయాయికులు, అంటే ఆ న్యాయశాస్త్రం వాళ్లు, అన్యథాసిద్ధాలు (ముందు ఉన్నా కారణం కానివి) అని అయిదు రకాలుగా విడగొట్టి పక్కన పెట్టారు. గాడిద ఆ రోజు అక్కడే నిలబడి ఉండొచ్చు, కానీ మట్టి బండి మీద వచ్చినా కుండ అవుతుంది. ఉంటే ఏమైంది అని మాత్రమే కాదు, లేకపోతే ఏమయ్యేది అని కూడా అడగాలి. అన్వయం (ఉంటే అవుతుంది), వ్యతిరేకం (లేకపోతే కాదు) అని వాళ్లు జంటగా చెప్పేది దీన్నే.

మనం ఎప్పుడూ ఎగ్గొట్టేది ఆ రెండోదే. పైగా తాయెత్తు ఎప్పుడు కడతాం? జ్వరం బాగా ముదిరి, ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకున్నప్పుడు. మామూలు వైరల్ జ్వరాలు చాలావరకు కొన్ని రోజులకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి, ముదిరిన రోజున ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, మర్నాడో ఎల్లుండో తగ్గడానికే అవకాశం ఎక్కువ, ఆ పేరు మాత్రం చివరగా చేసిన పనికి దక్కుతుంది.

ప్రతిసారీ ముందు ఉన్నా కూడా మోసపోవచ్చు, అది ఇంకా కష్టమైన కేసు. చిత్తడి నేలల నుంచి లేచే చెడు గాలి వల్లే మలేరియా వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. మూర్ఖులేం కాదు వాళ్లు, చిత్తడి ఉన్నచోట జ్వరం ఉంది, లేనిచోట తక్కువగా ఉంది, నీళ్లు తోడేస్తే జ్వరాలు తగ్గాయి కూడా! మందు సరైందే, కారణమే తప్పు. గాలీ దోమా రెండూ ఆ చిత్తడిలోంచే వస్తాయి, గాలి ఇక్కడ గాడిద. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అయితే దోమలో పురుగు కనపడితే అది రోగి నుంచి దోమకు వెళ్లిందని తెలుస్తుంది గానీ, దోమ నుంచి ఇంకొకరికి వస్తుందని తెలియదు కదా. మరుసటి ఏడాది కలకత్తాలో, పిట్టలకు వచ్చే మలేరియా మీద, జబ్బున్న పిట్టల రక్తం తాగిన దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిట్టలను కుట్టించి, వాటికీ జబ్బు రావడం చూశాకే ఆ లంకె కుదిరింది. 1902లో నోబెల్ వచ్చింది.

ఇక మీ ఆయన సంగతి. ఆయన చెప్పిందే జరిగి ఉండటానికి అవకాశం ఎక్కువ, కానీ ఆ ఒక్క రాత్రిని పట్టుకుని ఆయనా నిరూపించలేరు, సిరప్ పట్టని ఇంకో రాత్రి ఆయన దగ్గర లేదు. సిరప్ పారాసిటమాల్ అయితే ఒంటి వేడిని దించి ఉంటుంది, జబ్బు పోవడం వేరే లెక్క. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానికోసం అత్తగారితో గొడవెందుకు. జ్వరం మూడు రోజులు దాటితే మాత్రం రక్తపరీక్షకి ఆలస్యం చేయకండి, డెంగీ తాయెత్తుకీ ఆగదు, తర్కానికీ ఆగదు.

ప్ర: సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నాను సార్. సత్కార్యవాదం, అసత్కార్యవాదం చదివితే ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది. అసలు గొడవ ఎక్కడ?
– ఒక విద్యార్థి, విజయనగరం

జ: నువ్వుల్లోంచే నూనె వస్తుంది, ఇసుకలోంచి రాదు, కాబట్టి కార్యం కారణంలో ముందే ఉంది అంటారు సాంఖ్య దర్శనం వాళ్లు, అదే సత్కార్యవాదం. లేదు, కార్యం కొత్తగా పుడుతుంది అనేది నైయాయికుల అసత్కార్యవాదం. సరే, కుండ మట్టిముద్దలోనే ఉంటే ఆ ముద్దలో నీళ్లు పోసి పట్టుకెళ్లు చూద్దాం అంటారు నైయాయికులు. ఉంది గానీ బయటపడలేదు, కుమ్మరి బయటపెడతాడు అని సాంఖ్యుల జవాబు. అసలు దెబ్బ ఇక్కడ పడుతుంది: ఆ బయటపడటం కూడా ముందే ఉందా? ఉంటే కుమ్మరికి పనేమిటి, లేకపోతే లేనిది పుట్టిందని మీరే ఒప్పుకున్నట్టు. నా మటుకు సాంఖ్యులు దీనికి సరిగ్గా బదులివ్వలేదనిపిస్తుంది, అలాగని ఇసుకలోంచి నూనె ఎందుకు రాదో చెప్పడానికి నైయాయికులూ కష్టపడాల్సిందే. తనలోంచి పుట్టదు, వేరేదాన్నుంచి పుట్టదు, రెంటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అని బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు ఇద్దరి కాళ్ల కింద చాపా లాగేశాడు. ఆన్సర్‌లో ఈ మూడో వాదాన్ని చివర్లో ఒక లైనుకి కుదించొద్దు, అక్కడే మీకు రాయడానికి బోలెడు సరుకుంది.